నలుగురేసి కూర్చునే తరగతి

పామర్రుకు కాస్త ఇవతల, కాలువ గట్టు పక్కన ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. నా గదిని ఆనుకుని ఉన్న గదిలో నా స్నేహితురాలు లెక్కలు చెప్పేది. ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. నేను భవానీపురం నుంచి సిటీ బస్సులో బస్టాండుకి వచ్చి బందరు బస్సు ఎక్కితే, ఆమె పెనమలూరులో ఎక్కేది. అప్పటిదాకా పక్క సీట్లో నా బ్యాగు పెట్టి ఉంచేదాన్ని. ఎవరైనా అడిగితే "వస్తున్నారండీ" అనేదాన్ని. ఏళ్ళ తరబడి అలాగే జరిగింది. ఆ ప్రయాణంలో మేం మాట్లాడుకోని విషయం లేదు. ఇంట్లోవాళ్ళకు చెప్పనివి కూడా ఆమెకు చెప్పాను. అయినా ఆమెను ఇతరులకు ఏమని పరిచయం చెయ్యాలో నాకెప్పుడూ సరిగ్గా తెలియలేదు. "మా స్కూల్లో చేస్తారు" అని మాత్రం అనేదాన్ని.

రెండేళ్ళ కిందట వేసవి సెలవుల్లో విజయవాడలో మాకు ట్రైనింగ్ పెట్టారు. పిల్లల్ని నలుగురేసి చొప్పున కూర్చోబెట్టి, ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకునేలా చెయ్యడం ఎలాగన్నది విషయం. నేను ఫ్యాను కింద సీటు చూసుకుని సగం నిద్రలో విన్నాను. ఆమె మాత్రం ముందు వరసలో కూర్చుని, చెప్పే ఆయన విసుక్కునేదాకా ప్రశ్నలు అడిగింది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర చెరుకురసం తాగుతూ, "నేను చేసి చూస్తానే" అంది.

"చేస్తావులే. సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?"

"ఇప్పుడు మాత్రం అవుతోందా? నేను చెప్పడం అవుతోంది. వాళ్ళకి రావడం అవట్లేదు."

ఆ జూన్‌లో స్కూలు తెరవగానే తన గదిలో బెంచీలు తిప్పించేసింది. రెండేసి బెంచీలు ఎదురెదురుగా వేసి, ఒక్కో జత దగ్గర నలుగుర్ని కూర్చోబెట్టింది. లెక్కలు బాగా వచ్చేవాళ్ళను, రానివాళ్ళను, మధ్యస్తంగా ఉన్నవాళ్ళను తానే కలిపింది. ప్రతి గ్రూపులో పిల్లలకు ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లు ఇచ్చింది. లెక్క ఇస్తుంది. నలుగురూ మాట్లాడుకుని చెయ్యాలి. ఆ తర్వాత ఆమె ఏదో ఒక నంబరు పిలుస్తుంది. ఆ నంబరు వాళ్ళు లేచి గ్రూపు తరఫున చెప్పాలి. ఏ నంబరు పిలుస్తుందో ముందు తెలియదు కాబట్టి, వచ్చినవాడు రానివాడికి నేర్పక తప్పదు.

గోడ ఇవతల నాకు వినపడేదల్లా గోల. వాదులాట, నవ్వులు, బెంచీలు జరిపిన చప్పుడు. ఒక్కోసారి పాఠం మధ్యలో వెళ్ళి వాళ్ళ గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. "ఏం గొడవ మేడమ్ ఇది? మా పిల్లలకి నా గొంతు వినపడట్లేదు" అనేదాన్ని, పిల్లల ముందు కాబట్టి మర్యాదగానే. ఆమె నవ్వి, "గొడవ కాదు మేడమ్, లెక్క" అనేది. సాయంత్రం బస్సులో దాని మీద మళ్ళీ తిట్టుకునేవాళ్ళం.

మొన్న ఆగస్టులో ఒక ఆదివారం ఆమె చర్చి నుంచి ఇంటికొచ్చి, భోజనం చేసి, మర్నాటికి చీర ఇస్త్రీ చేసుకుంటూ తలనొప్పిగా ఉందని కూర్చుందట. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే స్పృహ లేదు. మర్నాడు తెల్లవారాక హెడ్మాస్టరు గారు ఫోన్ చేసి చెప్పారు. నేను అప్పటికే తయారై, చెప్పులు వేసుకుంటున్నాను. వేసుకున్న చెప్పులతోనే పెనమలూరు వెళ్ళాను.

వాళ్ళ ఇంటి ముందు షామియానా వేశారు. దైవసేవకులు వాక్యం చదివారు. బంధువులు ముందు వరసల్లో కూర్చున్నారు. మేం స్టాఫ్ అందరం వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. పక్కన కూర్చున్న ముసలావిడ నన్ను చూసి, "మీరేమవుతారమ్మా?" అని అడిగింది. "మా స్కూల్లో చేస్తారండీ" అన్నాను. ఆవిడ తల ఊపి మళ్ళీ పాటల పుస్తకంలోకి చూసుకుంది. సమాధుల దొడ్లో అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. నేనూ వేశాను. మట్టి తడిగా ఉంది. చేయి కడుక్కోవడానికి కుళాయి ఎక్కడుందో వెతుక్కున్నాను. ఆ రోజు నేను బాగా గుర్తుపెట్టుకున్నది ఆ కుళాయినే.

ఏడుపు రాలేదు. పళ్ళ డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక చెంప ఎలా ఉంటుందో, నాకు ఒళ్ళంతా అలా ఉంది. ముట్టుకుంటే ఉందని తెలుస్తుంది, అంతే. ఇంట్లో మా ఆయన రెండు మూడుసార్లు, "కాస్త ఏడిస్తే తేలికవుతావేమో" అన్నారు. నేను కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను. నిజంగానే నాకు తెలియడం లేదు.

మర్నాడు బస్సులో అలవాటుగా పక్క సీట్లో బ్యాగు పెట్టాను. పెనమలూరులో జనం ఎక్కారు. "ఈ సీటు ఎవరికమ్మా?" అని కండక్టరు అడిగాడు. బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పెళ్ళి భోజనాల గురించి ఫోన్లో మాట్లాడుతూ ఎవరో కూర్చున్నారు. ఉయ్యూరు దాటేదాకా ఆ పెళ్ళి వంటలన్నీ విన్నాను.

హెడ్మాస్టరు గారు గదిలోకి పిలిచి, "లెక్కలకి కొత్తవాళ్ళు వచ్చేదాకా ఎనిమిదో తరగతి మీరు చూడాలమ్మా. డిగ్రీలో మీవీ లెక్కలే కదా" అన్నారు. సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరేననేదాన్ని.

ఆ గదిలోకి వెళ్ళేసరికి పిల్లలు నలుగురేసి ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. లేచి నమస్కారం చెప్పారు. నన్ను చూస్తున్నారు. సగం మంది మెడలు తిప్పి చూడాల్సి వస్తోంది.

"బెంచీలు బోర్డు వైపు తిప్పండి" అన్నాను.

తిప్పారు. చప్పుడు కాకుండా ఇద్దరేసి పట్టుకుని ఎత్తి మరీ తిప్పారు. నేను సుద్దముక్క తీసుకుని లెక్క చెయ్యడం మొదలుపెట్టాను.

సెప్టెంబరంతా అలాగే నడిచింది. నేను చెబుతాను, వాళ్ళు రాసుకుంటారు. గోడ అవతలి గది ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది, ఆ నిశ్శబ్దంలో నేనే నిలబడి ఉన్నాను. నా గొంతు నాకే ఎవరో రేడియోలో చెబుతున్నట్టు వినపడేది. పాఠం సరిగ్గానే చెప్పాను. ఒక్క మెట్టు కూడా వదల్లేదు. "అర్థమైందా?" అంటే "అయిందండీ" అనేవారు. బెల్లు కొట్టగానే నా గదికి వచ్చేసేదాన్ని.

స్లిప్ టెస్ట్ పెడితే సగం మంది కాగితాలు సగం ఖాళీగా ఇచ్చారు. దానికీ నాకు కోపం రాలేదు. కాగితాలు తిరిగి ఇస్తున్నప్పుడు, కిటికీ పక్కన కూర్చునే ఒక పొడుగాటి అమ్మాయి లేచింది. ఎప్పుడూ జడలు గట్టిగా బిగించుకుని వస్తుంది.

"మేడమ్, ఒకటి అడగనాండీ?"

"అడుగు."

"మీరు చెప్పింది అర్థం కాకపోతే ఎవర్ని అడగాలండీ?"

"నన్నే అడగాలి. నేనున్నది అందుకేగా."

"మిమ్మల్ని అడగాలంటే, ఏం అడగాలో తెలియాలి కదండీ. అదే తెలీట్లేదండీ."

పొగరుగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాను. నిలబడే ఓపిక కూడా లేదు ఆ రోజు.

"మరి ఇంతకుముందు ఎలా చేసేవాళ్ళు?" అని అడిగాను.

తెలుసు నాకు. అయినా అడిగాను. ఆ అమ్మాయి మిగతావాళ్ళ వైపు చూసింది. "బెంచీలు తిప్పమంటారా అండీ?" అంది.

ఈసారి చప్పుడు చేస్తూ తిప్పారు. తిప్పి కూర్చున్నాక, ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ నాకు నేర్పారు. ముందు ఎవరికి వాళ్ళు లెక్క చదువుకోవాలట. తర్వాత గ్రూపులో మాట్లాడుకోవాలట. ఒకరు చెబుతుంటే మిగతా ముగ్గురూ పెన్నులు కింద పెట్టాలట. జవాబు చెప్పేసి ఊరుకుంటే చాలదట, ఎలా వచ్చిందో కూడా చెప్పాలట. నలుగురికీ రాకపోతేనే మేడమ్‌ను పిలవాలట. "అప్పుడు కూడా మేడమ్ జవాబు చెప్పరండీ. ఇంకో ప్రశ్న అడిగేసి వెళ్ళిపోతారు" అన్నాడొకడు. ఆ 'మేడమ్' నేను కాదు. అందరికీ తెలుసు. వాడు చటుక్కున ఆగిపోయాడు. నేను "తర్వాత?" అన్నాను.

అలా మళ్ళీ గ్రూపులు మొదలయ్యాయి. నమ్మకం కుదిరి మొదలుపెట్టానని చెప్పలేను. నేను మాట్లాడనక్కర్లేదు, అదే నాకు చాలు. కుర్చీలో కూర్చుని వాళ్ళ నోళ్ళు కదలడం చూసేదాన్ని.

కిటికీ పక్క గ్రూపు నా కుర్చీకి దగ్గర. కాబట్టి ఎక్కువగా వాళ్ళ మాటలే వినపడేవి. ఒకటో నంబరు పిల్లవాడికి లెక్కలు బాగా వచ్చు. వాళ్ళ నాన్నకు పామర్రులో ఎరువుల కొట్టుంది. రెండో నంబరు నన్ను ప్రశ్న అడిగిన పొడుగాటి అమ్మాయి. నాలుగో నంబరు పిల్లవాడు ఎప్పుడూ నవ్వుతూ, ఏమీ రాకపోయినా సిగ్గుపడకుండా, "మళ్ళీ చెప్పండ్రా" అంటుంటాడు. మూడో నంబరు ఒక సన్నటి అమ్మాయి. ఆ పిల్ల మాట్లాడగా నేను అప్పటిదాకా వినలేదు. హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యెత్తుతుంది, నోరు తెరవదు.

ఒక రోజు చూసుకోకుండా "మూడు" అని పిలిచి, ఆ గ్రూపు వైపు చెయ్యి చూపించాను. ఆ పిల్ల లేచి నిలబడింది. పెదవులు తడుపుకుంది. ఏమీ అనలేదు. నేను ఊరుకున్నాను. ఇంతకుముందైతే, అంటే నేను మామూలుగా ఉన్న రోజుల్లో అయితే, "సరే కూర్చో, పక్కవాళ్ళు చెప్పండి" అనేసేదాన్ని. పాఠం సాగాలన్న తొందర నాకెప్పుడూ ఎక్కువ. ఇప్పుడు ఆ తొందర లేదు. ఎంతసేపైనా ఒకేలా ఉంది. కిటికీలోంచి కాలువ గట్టు మీద ట్రాక్టరు వెళ్ళడం కనిపించింది. అది మలుపు తిరిగేదాకా చూశాను. పిల్లలు కూడా ఎవరూ కదల్లేదు. వాళ్ళు ఇలా ఆగడానికి అలవాటు పడినవాళ్ళని నాకప్పుడు తెలిసింది.

"ఎక్స్ అంటే ఏడండీ" అందా పిల్ల చివరికి.

"ఎలా వచ్చింది?"

మళ్ళీ ఆగింది. మళ్ళీ ఊరుకున్నాం. చెప్పింది. అక్కడక్కడా ఆగుతూ మొత్తం చెప్పింది. నాలుగో నంబరు బెంచీ మీద వేళ్ళతో చిన్నగా దరువు వేశాడు. నేను "కూర్చోమ్మా" అన్నాను. నా లోపల ఏమీ కదల్లేదు. కానీ ఆ సాయంత్రం బస్సులో, చెప్పడానికి ఒక విషయం ఉందన్న సంగతి తెలిసింది. పక్కన కూర్చున్నావిడ నిద్రపోతోంది.

దసరా సెలవులయ్యాక ఒకటో నంబరు పిల్లవాడి నాన్న స్కూలుకు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో హెల్మెట్. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"తప్పుగా అనుకోకండి మేడమ్. మావాడు ఇంట్లో కూర్చుని కూడా రేపు వాళ్ళకెలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాడండీ. వాళ్ళకి చెప్పుకుంటూ కూర్చుంటే వీడి చదువేం కానండీ?"

"చెబితే వాడికీ బాగా వస్తుందండీ" అన్నాను. ట్రైనింగ్‌లో విన్న మాట అది. నా నోట్లోంచి వస్తుంటే నాకే చప్పగా వినపడింది.

"అది మీకు తెలిసుండొచ్చండీ. నాకు వాడొక్కడే. విడిగా కూర్చోబెట్టండి మేడమ్, దయచేసి."

వాదించలేదు నేను. ఆమె ఉంటే వాదించేది. ఆయన్ని గదిలోకి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టి చూపించేది. నేను సరేనన్నాను. మర్నాటి నుంచి ఆ పిల్లవాడు బోర్డు దగ్గర ఒంటరి బెంచీ మీద కూర్చున్నాడు. కిటికీ పక్కన ముగ్గురు మిగిలారు.

ఆ వారంలోనే ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ వచ్చింది. ప్రతి ఏడాదీ ప్రతి తరగతిలోనూ పిల్లలు ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాసేసి చేతులు దులుపుకుంటారు. మధ్యలో టూ ఏబీ ఉంటుందని మనం చెబుతాం, వాళ్ళు మరిచిపోతారు. ఒకటో నంబరు పిల్లవాడు లెక్కలన్నీ చకచకా చేసేసి బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కిటికీ దగ్గర ముగ్గురూ తల పట్టుకున్నారు.

"ఆ టూ ఏబీ ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?" అని రెండో నంబరు అమ్మాయి అక్కణ్ణుంచే వాణ్ణి అడిగింది.

"ఫార్ములా అంతే. రాసేసుకోండి" అన్నాడు వాడు.

"అంతే అంటే ఎలా?"

వాడు తల తిప్పేసుకున్నాడు. ఆ ముగ్గురూ నన్ను పిలిచారు. నేను వెళ్ళాను. జవాబు చెప్పకూడదని నాకు నేర్పింది వాళ్ళే. కాబట్టి, "స్క్వేర్ అంటే ఏంటి? బొమ్మ వేసి చూపించండి" అని మాత్రం అని వెనక్కొచ్చేశాను.

నాలుగో నంబరు పిల్లవాడు బ్యాగులోంచి పుస్తకానికి అట్ట వేసుకున్న న్యూస్‌పేపరు విప్పాడు. దాన్ని నాలుగు వైపులా సమానంగా చించారు. కాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నారు. పొడుగాటి అమ్మాయి నిలువుగా మధ్యకు మడిచింది. ఏమీ రాలేదు. అప్పుడు మూడో నంబరు అమ్మాయి కాగితం తన వైపు లాక్కుంది. కుడి పక్క నాలుగు వేళ్ళ మందాన మడిచి గీరింది. విప్పింది. పై పక్క కూడా అంతే మడిచి గీరింది. విప్పి బెంచీ మీద పరిచింది. కాగితం మీద మడత గీతలతో నాలుగు గదులు వచ్చాయి. ఒక పెద్ద చదరం, మూలన ఒక చిన్న చదరం, వాటి పక్కన రెండు పొడుగు ముక్కలు.

"ఇది ఏ స్క్వేర్. ఇది బీ స్క్వేర్" అంది. ఆ రెండు పొడుగు ముక్కల మీద చెరో అరచెయ్యి పెట్టింది. "వీటిని వదిలేస్తున్నాం మనం."

గట్టిగా అనలేదు కానీ గదిలో చాలామందికి వినపడింది. పక్క గ్రూపు వాళ్ళు లేచి వచ్చి చూశారు. ఒకటో నంబరు పిల్లవాడు ముందు బెంచీ మీంచి మెడ చాచి చూశాడు. తర్వాత లేచి వచ్చి వాళ్ళ వెనక నిలబడ్డాడు. "మళ్ళీ మడువు" అన్నాడు. ఆ పిల్ల మళ్ళీ మడిచింది. నేను కూడా లేచి వెళ్ళి చూశానని తర్వాత గుర్తొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం క్యారేజీ తెరిస్తే దొండకాయ వేపుడు ఉంది. ఉప్పు తక్కువైందని తెలిసింది.

మర్నాడు ఆ పిల్లవాడు స్టాఫ్ రూమ్‌కి వచ్చాడు.

"మేడమ్, నేను మళ్ళీ వాళ్ళ దగ్గరే కూర్చుంటానండీ."

"మీ నాన్నగారు వద్దన్నారుగా."

"నాన్నకి నేను చెప్పుకుంటానండీ."

"ఏం, అక్కడ బాలేదా?"

వాడు కిటికీ వైపు చూశాడు. "లెక్క అయిపోయాక ఏం చెయ్యాలో తెలీట్లేదండీ" అన్నాడు.

వాళ్ళ నాన్నకు ఏం చెప్పాడో నాకు తెలియదు. ఆయన మళ్ళీ రాలేదు. పామర్రు సెంటర్లో ఒకసారి కనిపిస్తే బండి ఆపకుండానే తల ఊపి వెళ్ళిపోయాడు.

నవంబరు చివర్లో, కోతలు మొదలైన రోజుల్లో, నా స్నేహితురాలి భర్త స్కూలుకు వచ్చాడు. ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరుగా చేస్తాడు. ఆఫీసులో ఏవో సంతకాలు చెయ్యాల్సి వచ్చిందట. పని అయ్యాక ఆమె గొడుగు, ఒక జత చెప్పులు స్టాఫ్ రూమ్ బీరువాలో ఉన్నాయని ప్యూన్ చెబితే, వాటి కోసం వరండాలోకి వచ్చాడు. నేను ఎనిమిదో తరగతి గది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. లోపల పిల్లలు లెక్క చేస్తున్నారు. నలుగురేసి ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరో ఎవరినో "కాదురా, ముందు అది చూడు" అంటున్నారు.

ఆయన నమస్కారం పెట్టి పక్కన నిలబడ్డాడు. మనిషి బాగా తగ్గిపోయాడు. కాసేపు లోపలికి చూశాడు.

"ఇదేనా అండీ ఆ గొడవ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మీరు తిడతారని చెప్పేదండీ ఇంటికొచ్చి. మీ గొంతు పెట్టి మరీ చెప్పేది. 'ఏం గొడవ మేడమ్ ఇది' అని. పిల్లలూ నేనూ నవ్వేవాళ్ళం."

గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇద్దరం అలా ఆ గొడవ వింటూ నిలబడ్డాం. లోపల ఒక పిల్ల లేచి, "మేడమ్, మా నలుగురికీ రాలేదండీ" అని పిలిచింది. "వెళ్ళండి, వెళ్ళండి" అన్నాడాయన. నేను వెళ్ళి వాళ్ళనొక ప్రశ్న అడిగి తిరిగి వచ్చేసరికి గొడుగు, చెప్పులున్న సంచీ పట్టుకుని గేటు దాటుతున్నాడు.

ఆ సాయంత్రం బస్సు పెనమలూరులో ఆగినప్పుడు తల తిప్పి వాళ్ళ వీధి వైపు చూశాను. అప్పటిదాకా అటు చూసేదాన్ని కాదు. వీధి మామూలుగానే ఉంది. మందుల షాపు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. కానీ రాలేదు. బెంజ్ సర్కిల్లో దిగేవాళ్ళకు కాళ్ళు ముడుచుకుని దారిచ్చాను.

జనవరిలో కొత్త లెక్కల మాస్టారు వచ్చారు. మైలవరం దగ్గర ఊరు ఆయనది. చిన్నవాడు, ఉద్యోగానికి కొత్త. ఆయన్ని ఎనిమిదో తరగతికి తీసుకెళ్ళి పరిచయం చేశాను. బెంచీలు చూసి, "ఈ గ్రూపులు మీరు పెట్టారా మేడమ్?" అని అడిగాడు.

"కాదండీ. మీకు ముందున్నావిడ పెట్టారు."

"మంచి పని చేశారండీ. ఎలా నడుపుతారో ఒకసారి చెప్పండి, నాకు పెద్దగా తెలీదు."

నేను పిల్లల వైపు చూశాను. "సార్‌కి చెప్పండి" అన్నాను. ఎవరు చెబుతారా అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "నంబరు పిలవండి మేడమ్" అన్నాడు నాలుగో నంబరు నవ్వుతూ. "మూడు" అన్నాను. ఈసారి చూసుకునే అన్నాను. గదిలో మూడో నంబర్లందరూ లేచారు. కిటికీ పక్కన ఆ సన్నటి అమ్మాయి కూడా లేచింది. మొదలుపెట్టింది ఆ పిల్ల కాదు, వెనక గ్రూపులో ఒకడు. అయితే వాడు చెబుతూ ఒకచోట తప్పితే, "అది కాదండీ" అని దిద్దింది. నేను బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత నా తొమ్మిదో తరగతిలో కూడా బెంచీలు తిప్పించాను. ఇంకొకరు పెట్టింది నడపడం వేరు, నేనుగా పెట్టడం వేరు. ఎవర్ని ఎవరితో కలపాలో నాకు చేతకాలేదు. మొదటి రోజే ఇద్దరు స్నేహితుల్ని విడదీశానని ఒక పిల్ల కన్నీళ్ళు పెట్టుకుంది. ఒక గ్రూపులో అందరూ మాట్లాడేవాళ్ళే, వినేవాళ్ళు లేరు. ప్రయోగం చేస్తుంటే నలుగురూ ఒకేసారి పట్టుకోబోయి పరీక్షనాళిక పగలగొట్టారు. అవతలి గది నుంచి కొత్త మాస్టారు తొంగి చూసి వెళ్ళాడు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అడగడానికి నాకొక మనిషి ఉండేది.

అన్నిటికంటే కష్టం తలుపు పక్కన గ్రూపు. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. నలుగురూ నోరు తెరవరు. ఎవరి పుస్తకం వాళ్ళు దగ్గరకు లాక్కుని కూర్చుంటారు. నిన్న అందులో ఒక పిల్ల నా దగ్గరకు వచ్చి, "మా గ్రూపులో ఎవరూ మాట్లాడట్లేదండీ" అంది.

"నువ్వు మాట్లాడావా?"

"లేదండీ."

నా కుర్చీ తీసుకెళ్ళి వాళ్ళ బెంచీల పక్కన వేసుకున్నాను. అద్దం మీద పడిన వెలుగు ఎటు మళ్ళుతుందన్నది ఆ రోజు పాఠం. నేనేమీ చెప్పలేదు. వాళ్ళూ ఏమీ అనలేదు. చుట్టూ మిగతా గ్రూపుల గోల. పిల్లలు నలుగురూ మధ్య మధ్యలో నన్ను చూసి తల దించుకుంటున్నారు. నేను బెంచీ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. బెల్లుకు ఇంకా టైముంది. అంతలో ఆ చివరనున్న పిల్లవాడు పక్కవాడి స్కేలు అరువు అడిగాడు.